జ్వరం నుంచి కాన్పు దాకా: ప్రోస్టాగ్లాండిన్ ఇ2 చేసే పనులు

నెలలు నిండినా నొప్పులు రాని గర్భిణికి డాక్టర్లు గర్భాశయ ముఖద్వారం దగ్గర ఒక జెల్ పెడతారు. దాని పేరు డైనోప్రోస్టోన్. కొన్ని గంటల్లో గట్టిగా ఉన్న ముఖద్వారం మెత్తబడుతుంది, చాలామందికి నొప్పులు కూడా మొదలవుతాయి. ఆ జెల్‌లో ఉండేది కొత్తగా కనిపెట్టిన మందేమీ కాదు. మన ఒంట్లో దాదాపు అన్ని రకాల కణజాలాలూ తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే కొవ్వు అణువే అది. క్లుప్తంగా పీజీఈ2 అంటారు. ఫ్లూ వస్తే జ్వరం తెప్పించేది ఇదే. బెణికిన మడమను కాస్త ముట్టుకున్నా ప్రాణం పోయేంత నొప్పి పుట్టించేదీ ఇదే. మళ్లీ కడుపులోని ఆమ్లం కడుపు గోడనే తినేయకుండా కాపాడేదీ, గర్భంలోని బిడ్డ గుండె దగ్గర ఒక ముఖ్యమైన రక్తనాళం మూసుకుపోకుండా చూసేదీ ఇదే.

ఇన్ని పనులు చేసే అణువును "ఒంట్లో వాపు పెంచే రసాయనం" అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఇంటర్నెట్‌లో మామూలైపోయింది. అది సగం కూడా నిజం కాదు. పీజీఈ2 ఎక్కడ పుట్టింది, ఎంతసేపు నిలిచింది, దాన్ని అందుకున్న కణం మీద ఏ రిసెప్టర్ (సంకేతాన్ని పట్టుకునే ప్రోటీన్) ఉంది అన్నదాన్ని బట్టే అది చేసే పని తేలుతుంది. ఈ సంగతి తెలిస్తే పెయిన్‌కిల్లర్లు ఎందుకు పనిచేస్తాయో, అవే ఎందుకు హాని చేస్తాయో రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

దీని కథ వంటనూనె దగ్గర మొదలవుతుంది. వేరుశనగ, నువ్వుల, పొద్దుతిరుగుడు నూనెల్లో లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం పుష్కలంగా ఉంటుంది. దీన్ని మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు పూర్తిగా తీసేసిన ఆహారం పెట్టి చూశారు. ఎలుకల ఎదుగుదల ఆగిపోయింది, చర్మం పొలుసులు కట్టింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. లినోలిక్ ఆమ్లం ఇస్తే కోలుకున్నాయి. కొవ్వంటే నిల్వ ఉండే శక్తి మాత్రమే అనుకుంటున్న రోజుల్లో అది పెద్ద వార్త. ఆ కొవ్వు ఆమ్లం వల్ల ఒంటికి ఏం ఒరుగుతోందన్న ప్రశ్నకు సమాధానంలో ఒక ముఖ్యభాగం 1964లో గానీ దొరకలేదు.

పద్దెనిమిది కార్బన్ల లినోలిక్ ఆమ్లానికి శరీరం మరో రెండు కార్బన్లు, రెండు డబుల్ బాండ్లు చేర్చి అరాకిడోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇరవై కార్బన్ల గొలుసు, అందులో నాలుగు డబుల్ బాండ్లు. మాంసం, గుడ్ల నుంచి ఇది నేరుగా కూడా వస్తుంది. కణం దీన్ని విడిగా తిరగనివ్వదు. కణపొరలోని ఫాస్ఫోలిపిడ్‌లకు తగిలించి దాచిపెడుతుంది. దెబ్బ తగిలినా, సూక్ష్మక్రిమి చేరినా, హార్మోన్ సంకేతం అందినా కణంలో కాల్షియం పెరుగుతుంది. అప్పుడు ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ పొర దగ్గరికి చేరి అరాకిడోనిక్ ఆమ్లాన్ని తెంచి వదులుతుంది.

పొద్దుతిరుగుడు నూనె వాడితే ఒంట్లో పీజీఈ2 పెరిగిపోతుందని, వాపులన్నిటికీ అదే మూలమని ఒక ప్రచారం ఉంది. కాగితం మీద ఆ తర్కం సరిగ్గానే కనిపిస్తుంది. మనుషుల మీద చేసిన పరిశీలనలు మాత్రం దాన్ని బలపరచలేదు. తిండిలో లినోలిక్ ఆమ్లం పెంచినా తగ్గించినా రక్తంలో అరాకిడోనిక్ ఆమ్లం పెద్దగా కదలదు. ఆ మార్పిడిని శరీరం గట్టిగా అదుపులో పెట్టుకుంటుంది. పైగా ముడిసరుకు ఎంతున్నా, ఎంజైములకు పిలుపు వస్తేనే పీజీఈ2 తయారవుతుంది.

ఆ ఎంజైముల్లో అసలైనది సైక్లోఆక్సిజనేజ్. వాడుకలో కాక్స్ అంటారు. కణం లోపలి పొరలో సగం మునిగి ఉండే ఈ ప్రోటీన్‌లోకి ఒక సన్నటి సొరంగం ఉంటుంది. అరాకిడోనిక్ ఆమ్లం అందులోకి జారి, మెలిక తిరిగి కూర్చుంటుంది. అక్కడ టైరోసిన్ అనే అమైనో ఆమ్లపు చురుకైన రూపం (రాడికల్) దాని 13వ కార్బన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేస్తుంది. అంతే, గొలుసు చురుకైపోయి రెండు ఆక్సిజన్ అణువుల్ని పట్టుకుంటుంది. 8వ, 12వ కార్బన్లు ఒకదానికొకటి అతుక్కుని ఐదు కార్బన్ల ఉంగరం ఏర్పడుతుంది. అలా పుట్టిన పీజీజీ2ని అదే ఎంజైమ్‌లోని మరో భాగం పీజీహెచ్2గా మారుస్తుంది. పీజీహెచ్2 నిమిషాల్లో చెడిపోయే అణువు. ఇక్కడి నుంచి దారులు చీలతాయి. ప్లేట్‌లెట్లలో అది థ్రాంబాక్సేన్‌గా మారి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. రక్తనాళాల గోడల్లో ప్రోస్టాసైక్లిన్‌గా మారి గడ్డకట్టకుండా చూస్తుంది. పీజీఈ సింథేజ్ ఎంజైమ్ ఉన్నచోట పీజీఈ2 అవుతుంది. ఒకే ముడిసరుకు నుంచి ఒకదానికొకటి ఎదురు నడిచే సంకేతాలు పుట్టడం ఈ రసాయనశాస్త్రంలో గమనించాల్సిన విషయం. పెయిన్‌కిల్లర్ వేసుకున్నప్పుడు దెబ్బ పడేది ఈ చీలికకు ముందే, కాక్స్ మీద. అందుకే దాని ప్రభావం అన్ని దారుల మీదా పడుతుంది.

పీజీఈ2 అణువును కాస్త దగ్గరగా చూస్తే దాని స్వభావం ఇంకా తెలుస్తుంది. ఉంగరం మీద 9వ కార్బన్ దగ్గర కీటోన్ (డబుల్ బాండ్‌తో అతికిన ఆక్సిజన్), 11వ కార్బన్ దగ్గర హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట), తోక మీద 15వ కార్బన్ దగ్గర మరో హైడ్రాక్సిల్ ఉంటాయి. కీటోన్‌కు రెండు కార్బన్ల దూరంలో హైడ్రాక్సిల్ ఉంటే ఆ అణువుకు నిలకడ తక్కువ. కొద్దిగా ఆమ్లం, క్షారం లేదా వేడి తగిలితే చాలు, ఒక నీటి అణువును వదిలేసి పీజీఏ2గా మారిపోతుంది. డైనోప్రోస్టోన్ జెల్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచేది ఇందుకే. కరెంటు గంటల తరబడి పోయే ఆసుపత్రిలో ఇది చిన్న సమస్య కాదు.

మిసోప్రోస్టాల్ అనే మాత్ర ఈ కుటుంబానికి చెందినదే. పీజీఈ2కు దగ్గరి చుట్టమైన ప్రోస్టాగ్లాండిన్ ఇ1 (పీజీఈ1)ను కొద్దిగా సవరించి చేశారు. 15వ కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను 16వ దాని మీదికి జరిపి, పక్కన ఒక మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల ముక్క) చేర్చారు. శరీరం ప్రోస్టాగ్లాండిన్లను చంపడం మొదలుపెట్టేది ఆ 15వ కార్బన్ దగ్గరే కాబట్టి, ఈ మార్పుతో మందు నోటి ద్వారా తీసుకున్నా పనిచేసేంతసేపు నిలుస్తుంది. దీనికి ఫ్రిజ్ అక్కర్లేదు గానీ తేమ తగలకూడదు, అందుకే అల్యూమినియం ప్యాకింగ్‌లో వస్తుంది. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావాన్ని అదుపు చేయడానికి, ఇంజెక్షన్లు చల్లగా దాచుకునే వసతి లేని చోట్ల ఈ మాత్ర ఎందరో తల్లుల ప్రాణాలు నిలిపింది. ఒక హైడ్రాక్సిల్‌ను ఒక్క కార్బన్ పక్కకు జరపడం వల్ల ఇంత మేలు జరగడం రసాయనశాస్త్రం గర్వంగా చెప్పుకోదగ్గ విషయం.

ఈ అణువుల్ని కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. 1930లో న్యూయార్క్‌లో కుర్జ్‌రాక్, లీబ్ అనే ఇద్దరు డాక్టర్లు వీర్యం తగిలితే గర్భాశయ కండరం ముడుచుకోవడమో సడలడమో గమనించారు. 1935లో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ వాన్ ఆయిలర్ ఆ పదార్థానికి ప్రోస్టాగ్లాండిన్ అని పేరు పెట్టారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. శరీరంలో ఇవి ఉండేది అతి తక్కువ. స్వీడన్‌లోనే సూనే బెర్గ్‌స్ట్రోమ్ బృందం గొర్రెల గ్రంథులు భారీ ఎత్తున సేకరించి, 1950ల చివర్లో గానీ శుద్ధమైన స్ఫటికాలు సాధించలేకపోయింది. 1962 నాటికి నిర్మాణాలు తేలాయి. 1964లో బెర్గ్‌స్ట్రోమ్ బృందం, నెదర్లాండ్స్‌లో వాన్ డార్ప్ బృందం వేర్వేరుగా ఇవి అరాకిడోనిక్ ఆమ్లం నుంచి పుడతాయని చూపించాయి. బర్ దంపతుల ఎలుకల ప్రశ్నకు దొరికిన సమాధానం ఇదే. 1969లో కరీబియన్ సముద్రంలో ఒక మెత్తటి పగడం జాతిలో ప్రోస్టాగ్లాండిన్లు గుట్టలుగా ఉన్నాయని తెలిసి కొన్నాళ్లు అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. అదే ఏడాది అమెరికా రసాయనశాస్త్రవేత్త ఇలియాస్ కోరీ ప్రయోగశాలలో వీటిని పూర్తిగా తయారుచేసే పద్ధతి చూపించడంతో పగడాలను నమ్ముకోవాల్సిన పని తప్పింది.

మళ్లీ శరీరంలోకి వస్తే, పీజీఈ2 గురించి చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అది ఎంతో సేపు నిలవదు. రక్తంలోకి చేరిన పీజీఈ2లో 90 శాతానికి పైగా ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి వెళ్లేసరికి నిర్వీర్యమైపోతుంది. 15-పీజీడీహెచ్ అనే ఎంజైమ్ 15వ కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను కీటోన్‌గా మార్చేస్తుంది, దాంతో రిసెప్టర్లు దాన్ని గుర్తించవు. ఇన్సులిన్‌లాగా ఒకచోట పుట్టి ఒళ్లంతా తిరిగే హార్మోన్ కాదిది. పుట్టిన చోటే, పక్క కణాలతో మాట్లాడి మాయమయ్యే సంకేతం. మోకాలిలో తయారైన పీజీఈ2 కడుపుకు చేరదు. కానీ మోకాలి నొప్పికి మింగిన మాత్ర కడుపుకూ, కిడ్నీకీ, గుండెకూ అన్నిటికీ చేరుతుంది. పెయిన్‌కిల్లర్ల సైడ్ ఎఫెక్టుల్లో చాలా వాటికి మూలం ఈ తేడాలో ఉంది.

కణాల మీద పీజీఈ2ని అందుకునే రిసెప్టర్లు నాలుగు రకాలు: ఈపీ1, ఈపీ2, ఈపీ3, ఈపీ4. మొదటిది కణంలో కాల్షియం పెంచుతుంది. రెండోది, నాలుగోది సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతాన్ని పెంచుతాయి, మూడోది ప్రధానంగా దాన్ని తగ్గిస్తుంది. కండరంలో సైక్లిక్ ఏఎంపీ పెరిగితే సడలింపు, తగ్గితే బిగింపు. ఒకే పీజీఈ2 ఒక కండరాన్ని సడలించి ఇంకోదాన్ని ముడవడం వింతగా కనిపిస్తుంది గానీ, రిసెప్టర్ ఏదో చూస్తే అందులో వింతేమీ లేదు.

జ్వరం విషయం తీసుకుందాం. క్రిములు ఒంట్లో చేరగానే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ప్రోటీన్లను వదులుతాయి. ఇవి మెదడులోని రక్తనాళాల లోపలి పొరను తాకితే, ఆ కణాలు కాక్స్-2 అనే కాక్స్ రకాన్నీ, పీజీఈ సింథేజ్‌నీ తయారుచేయడం మొదలుపెడతాయి. అక్కడ పుట్టిన పీజీఈ2, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ ముందు భాగంలోని నాడీకణాలను చేరుతుంది. వాటి మీద ఉండేది ఈపీ3. మామూలు వేళల్లో ఈ నాడీకణాలు ఒళ్లు వేడెక్కించే వ్యవస్థను అణచి ఉంచుతాయి. పీజీఈ2 వీటిని మందగింపజేయడంతో ఆ పట్టు సడలుతుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణుకుతాయి, వేడి లోపలే ఉండిపోతుంది. జ్వరం ఎక్కేటప్పుడు ఒళ్లు కాలిపోతున్నా రోగి రెండు దుప్పట్లు కప్పమని అడిగేది ఇందుకే. మెదడు పెట్టుకున్న కొత్త లెక్క ప్రకారం ఒళ్లు ఇంకా చల్లగానే ఉన్నట్టు. పారాసెటమాల్ వేసుకుంటే మెదడులో పీజీఈ2 తగ్గి లెక్క మళ్లీ కిందికి దిగుతుంది, చెమటలు పడతాయి. 1998లో జపాన్‌లో షూ నరుమియా బృందం ఈపీ3 లేని ఎలుకలకు జ్వరం రాదని చూపించింది. మిగతా మూడు రిసెప్టర్లలో ఏది లేకపోయినా జ్వరం వచ్చింది.

డెంగీ సీజన్‌లో జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వాడొద్దని డాక్టర్లు మరీమరీ చెప్పడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ రెండూ జ్వరంతో పాటు ప్లేట్‌లెట్లలో థ్రాంబాక్సేన్‌ను కూడా ఆపేస్తాయి. అసలే ప్లేట్‌లెట్లు పడిపోతున్న రోగిలో ఉన్నవాటిని కూడా పనికిరాకుండా చేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

నొప్పి సంగతి కొంచెం వేరు. పీజీఈ2 తనంతట తాను పెద్దగా నొప్పి పుట్టించదు. నొప్పిని మోసే నాడుల చివర్లను అతి సున్నితంగా మార్చేస్తుంది. మామూలుగా పట్టించుకోని చిన్న ఒత్తిడికే ఆ నాడి గట్టిగా అరుస్తుంది. దెబ్బతిన్న భాగాన్ని కదపకుండా ఉంచేందుకు ఒంటికి ఇది అవసరమే.

కడుపులో దీని పాత్ర పూర్తిగా కాపలా. ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది, జిగురు పొరను మందంగా ఉంచుతుంది, బైకార్బనేట్ వదిలిస్తుంది, గోడకు రక్త సరఫరా చూస్తుంది. వారాల తరబడి డైక్లోఫెనాక్ అనే పెయిన్‌కిల్లర్ మింగేవారికి అల్సర్లు వచ్చేది ఈ కాపలా తప్పుకోవడం వల్లే. ఇంజెక్షన్ రూపంలో తీసుకుంటే కడుపుకేం కాదనుకోవడం పొరపాటు. రక్తంలోకి వెళ్లిన మందు కడుపు గోడకూ చేరుతుంది.

కిడ్నీలో ప్రమాదం ఇంకా నిశ్శబ్దమైనది. ఒంట్లో నీళ్లు చాలినన్ని ఉన్నప్పుడు కిడ్నీ రక్తప్రవాహంలో పీజీఈ2కు పెద్ద పనేం ఉండదు. మే నెల ఎండలో పని చేసి నీరసించినప్పుడు మాత్రం కథ మారుతుంది. రక్తపోటు నిలబెట్టడానికి శరీరం నాళాలన్నిటినీ బిగిస్తుంది. కిడ్నీలోకి వెళ్లే సన్నటి నాళాలు మాత్రం బిగుసుకుపోకుండా పీజీఈ2, ప్రోస్టాసైక్లిన్ తెరిచి ఉంచుతాయి. సరిగ్గా అప్పుడే ఒళ్లునొప్పులకని పెయిన్‌కిల్లర్ పడితే ఆ నాళాలు మూసుకుని వడపోత పడిపోతుంది. బీపీకి వాడే కొన్ని మందులు, నీరు పోయించే మాత్రలు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని ఇంతవరకు తేలలేదు, దాన్ని పెయిన్‌కిల్లర్ల ఖాతాలో వేసేయడం తప్పు. కానీ ఎండలో ఒళ్లొంచి పనిచేసే మనుషులకు మెడికల్ షాపులో చీటీ లేకుండా ఈ మాత్రలు అంత తేలిగ్గా దొరకడం ఎంత ప్రమాదమో చెప్పడానికి పైన చెప్పిన విషయం చాలు.

రాబందుల విషయంలో డైక్లోఫెనాక్ మరో పాఠం నేర్పింది. పశువులకు డైక్లోఫెనాక్ ఇవ్వడం, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయి, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద తెల్లగా పేరుకుని అవి చనిపోవడం 2004లో బయటపడింది. అప్పటికే దక్షిణాసియాలో మూడు జాతుల రాబందులు 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో ఈ మందు వాడకం మీద భారత్ వేటు వేసింది. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట లాంటి చోట్ల రాబందుల గూళ్లు కనపడటమే విశేష వార్త అయిన రోజులివి. ఇందులో రసాయనశాస్త్రం వైపు నుంచి గట్టి చిక్కు ఒకటుంది. బదులుగా వాడమంటున్న మెలాక్సికామ్ కూడా కాక్స్‌నే అడ్డుకుంటుంది, అయినా రాబందులకు ఏమీ కాదు. కాబట్టి పీజీఈ2 తగ్గడం ఒక్కటే వాటిని చంపిందనడానికి లేదు. మందును ఆ పక్షి శరీరం ఎంత వేగంగా వదిలించుకోగలదు, కిడ్నీ కణాల మీద మందు నేరుగా ఏం చేస్తుంది అన్నవీ లెక్కలోకి రావాలి.

గర్భంలోని బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు కాబట్టి రక్తం వాటిని దాటి పోవడానికి డక్టస్ ఆర్టీరియోసస్ అనే అడ్డదారి నాళం ఉంటుంది. మాయ నుంచి వచ్చే పీజీఈ2 దాన్ని తెరిచి ఉంచుతుంది. పుట్టాక మాయ పోతుంది, ఊపిరితిత్తుల్లోకి రక్తం పోటెత్తి మిగిలిన పీజీఈ2ని హరించేస్తుంది, ఆక్సిజన్ పెరుగుతుంది, నాళం మూసుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది మూసుకోకపోతే ఐబూప్రొఫెన్ లాంటి మందు ఇస్తారు. కొన్ని రకాల గుండె లోపాలతో పుట్టిన బిడ్డలకు మాత్రం ఆ నాళమే ఆధారం. వారికి ఆపరేషన్ దాకా పీజీఈ1 డ్రిప్ ఎక్కించి దాన్ని తెరిచే ఉంచుతారు. చివరి నెలల్లో గర్భిణులు సొంతంగా పెయిన్‌కిల్లర్లు వేసుకోకూడదనేది ఈ నాళం ముందే మూసుకుపోతుందనే భయంతోనే.

పెయిన్‌కిల్లర్ల గురించి ఈ సంగతులన్నీ తెలియడం వెనక ఆస్పిరిన్ ఉంది. 1971లో లండన్‌లో జాన్ వేన్ ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని కనిపెట్టారు. బెర్గ్‌స్ట్రోమ్, బెంగ్ట్ సామ్యుయెల్సన్‌లతో కలిసి 1982లో నోబెల్ అందుకున్నారు. ఆస్పిరిన్ కాక్స్ సొరంగంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఎసిటైల్ ముక్కను శాశ్వతంగా అంటిస్తుంది, దారి మూసుకుంటుంది. మిగతా కణాలు కొత్త ఎంజైమ్ చేసుకుంటాయి. ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు కాబట్టి అవి బతికినన్నాళ్లూ, అంటే వారం నుంచి పది రోజులు, అలాగే ఉండిపోతాయి. గుండె రోగులకు రోజూ 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర చాలడానికి కారణం ఇది.

1991లో కాక్స్ రెండు రకాలని తేలింది: ఎప్పుడూ పనిచేసే కాక్స్-1, ముఖ్యంగా వాపు వచ్చినప్పుడు పుట్టుకొచ్చే కాక్స్-2. రెండోదాన్నే ఆపితే కడుపు భద్రం, నొప్పి మాయం అనుకున్నారు. అలా 1999లో వచ్చిన రోఫెకాక్సిబ్ అనే మందు గుండెపోట్లను పెంచుతోందని తేలి 2004లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. రక్తనాళాలకు రక్షణగా ఉన్న ప్రోస్టాసైక్లిన్ చాలావరకు కాక్స్-2 నుంచే వస్తోంది మరి. ఒకటి మంచి ఎంజైమ్, ఇంకొకటి చెడ్డ ఎంజైమ్ అన్న విభజనకు శరీరం కట్టుబడలేదు.

వాపు చల్లారడంలో కూడా పీజీఈ2 చేయి ఉంది. కొంత సమయం గడిచాక ఇదే కణాలను లిపాక్సిన్లు అనే శాంతపరిచే కొవ్వు సంకేతాల తయారీ వైపు మళ్లిస్తుంది. ఇప్పుడు పరిశోధకుల చూపు పీజీఈ2 తయారీ మీద నుంచి దాని నాశనం మీదికి మళ్లింది. వయసు మళ్లిన ఎలుకల్లో 15-పీజీడీహెచ్‌ను నెల రోజులు అడ్డుకుంటే పీజీఈ2 పెరిగి, కండరాల బలం మెరుగుపడిందని 2021లో స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లా బృందం ప్రకటించింది. వృద్ధుల కండరాల క్షీణతకు మందు దొరుకుతుందన్న ఆశ అక్కడి నుంచే. అయితే పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో చాలావాటిలో మొట్టమొదట మాయమయ్యేవాటిలో ఆ 15-పీజీడీహెచ్ ఒకటి. అదుపు చేసేవాళ్లు లేని ఆ పీజీఈ2 అక్కడ కణాల ఎదుగుదలను ఎగదోస్తుంది. కండరంలో పెంచాలి, పేగులో పెంచకూడదు. ఒకే మాత్రతో ఆ రెండూ ఎలా సాధ్యమన్నది ఇంకా తేలాల్సి ఉంది.